హైడ్రోజన్ బండి మన వైపు వస్తుందా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్ళ పైన పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నరసన్నపేటలో మా తమ్ముడి లారీ ఆఫీసులో సాయంత్రాలు కూర్చుంటాను. పేపర్లో హైడ్రోజన్ మాట కనపడిన రోజున ఓనర్లు, డ్రైవర్లు, పాత విద్యార్థులు ఎవరో ఒకరు టీ గ్లాసు పట్టుకుని వచ్చి అడుగుతారు. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పలేక ఇలా రాసి పెట్టాను.

మన హైవే మీద హైడ్రోజన్ లారీలు తిరుగుతాయంటున్నారు, నిజమేనా మాస్టారూ?

హైవే మనదే, ముక్క మనది కాదు. 2025 మార్చిలో కేంద్రం దేశం మొత్తం మీద 5 ప్రయోగాత్మక ప్రాజెక్టులకి అనుమతి ఇచ్చింది. 37 బస్సులు, లారీలు, 9 హైడ్రోజన్ బంకులు, 10 మార్గాలు. అందులో ఎన్‌హెచ్ 16 మీద విశాఖపట్నం–బయ్యవరం మార్గం ఒకటి. బయ్యవరం ఎక్కడుంది? అనకాపల్లి జిల్లా కశింకోట దగ్గర. అంటే విశాఖ నుంచి రాజమండ్రి వైపు వెళ్ళేవాళ్ళకి. భోగాపురం, నాతవలస, మడపాం దాటి ఇచ్చాపురం వెళ్ళే మన రోడ్డు మీద హైడ్రోజన్ పట్టే బంకు లేదు.

దీనితో పాటు జనం కలిపేసుకునే ఇంకో వార్త ఉంది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో పూడిమడక హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. అది ఎన్‌టీపీసీ వాళ్ళ అనుబంధ కంపెనీది, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కానీ అందులో చాలా భాగం అమ్మోనియా, మిథనాల్ లాంటివిగా మారి ఎగుమతికి పోయే ఆలోచన. పూడిమడకలో ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన టెక్కలిలో బంకు వచ్చినట్టు కాదు.

హైడ్రోజన్‌తో బండి ఎలా నడుస్తుంది?

రెండు దారులు. ఒకటి, డీజిల్ లాగే ఇంజిన్‌లో కాల్చడం. రెండోది ఫ్యూయల్ సెల్. ఇందులో మంట లేదు. ఒక పక్క నుంచి హైడ్రోజన్, ఇంకో పక్క నుంచి గాలిలోని ఆక్సిజన్ వచ్చి పల్చటి పొర దగ్గర కలుస్తాయి. కరెంటు పుడుతుంది, దాంతో మోటారు తిరుగుతుంది, పొగ గొట్టంలోంచి నీటి ఆవిరి వస్తుంది. అంటే ఫ్యూయల్ సెల్ బండి కూడా ఒక రకంగా కరెంటు బండే. బ్యాటరీని గోడకి పెట్టి చార్జ్ చేసే బదులు కరెంటుని బండిలోనే పుట్టిస్తారు.

పెట్రోల్ కన్నా దాదాపు మూడు రెట్లు శక్తి ఉందని చదివాం. మరి ఏటి ఇబ్బంది?

మూడు రెట్లు అన్నది కిలో లెక్కన. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల (కరెంటు బిల్లులో చూసే యూనిట్లే) శక్తి ఉంటుంది, కిలో పెట్రోల్‌లో 12 దగ్గర. ఇక్కడి వరకే చెప్పి ఆపేస్తారు, అసలు కథ ఆ తర్వాతే ఉంది.

కిలో పెట్రోల్ అంటే లీటరున్నర కూడా నిండదు. కిలో హైడ్రోజన్‌ని మన వేసవిలో మామూలు గాలి ఒత్తిడి దగ్గర వదిలేస్తే సుమారు 12 వేల లీటర్ల చోటు కావాలి. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులు పన్నెండు వరసగా పెట్టుకోండి, అన్నిటిలో కలిపి ఉన్న సరుకు ఒక కిలో. అందరికన్నా తేలికైన వాయువు కాబట్టి ఇంతే. దాన్ని బండిలో పట్టాలంటే గట్టిగా కుక్కాలి. ఎంత గట్టిగా? లారీ టైరులో గాలి 8 బార్ల దగ్గర ఉంటుంది (బార్ అంటే మన చుట్టూ ఉండే మామూలు గాలి ఒత్తిడి అంత). సీఎన్‌జీ 200 బార్లు. హైడ్రోజన్ కార్లలో 700 బార్లు. అంత కుక్కినా లీటరు చోటులో 40 గ్రాములు పడుతుంది. లీటరు పెట్రోల్‌కి సమానమైన శక్తి కావాలంటే 6, 7 లీటర్ల ట్యాంకు చోటు కావాలి. ఫ్యూయల్ సెల్ పెట్రోల్ ఇంజిన్ కన్నా పొదుపుగా వాడుతుంది కాబట్టి ఆ తేడా కొంత తగ్గుతుంది, పోదు.

నన్నడిగితే హైడ్రోజన్ తలనొప్పులన్నీ ఈ ఒక్క చోటే మొదలవుతాయి. మండించడం తేలికే. పట్టుకోవడం, మొయ్యడం, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తీసుకెళ్ళడం కష్టం.

మరి మామూలు గ్యాస్ బండ లాంటిదానిలో పట్టించకూడదా?

వంటింటి బండ ఖాళీగా 15 కిలోల పైన ఉంటుంది, లోపల 14.2 కిలోల గ్యాస్. సగానికి సగం సరుకు. కారణం, వంటగ్యాస్ కొంచెం ఒత్తిడికే ద్రవమైపోతుంది. హైడ్రోజన్ అలా లొంగదు. వెల్డింగ్ షాపుల దగ్గర నిలువుగా కనిపించే ఎత్తు సిలిండర్లున్నాయే, వాటిలో 150 బార్ల దగ్గర హైడ్రోజన్ పడితే అరకిలో పడుతుంది. సిలిండర్ బరువు 50 కిలోల పైనే. పల్లకీ బరువే తప్ప పెళ్ళికూతురి బరువు లేనట్టు.

ఇంకో సంగతి. హైడ్రోజన్ అణువు మరీ చిన్నది. అధిక ఒత్తిడిలో కొన్ని రకాల ఉక్కులోకి దూరి పెళుసుబారుస్తుంది. పైకి బాగానే కనిపించిన పైపు ఒక రోజు పగులుతుంది. అందుకే కార్లలో ఉక్కు బండ వాడరు. లోపల గట్టి ప్లాస్టిక్ పొర, దాని మీద కార్బన్ ఫైబర్ దారాన్ని మగ్గం మీద నూలు చుట్టినట్టు చుట్టి, రెసిన్‌తో గట్టిపరుస్తారు. టయోటా మిరాయ్ కారులో ఇలాంటివి మూడు ఉంటాయి, మొత్తం 5.6 కిలోల హైడ్రోజన్ పడుతుంది. ట్యాంకుల బరువు దానికి పదిహేను రెట్ల పైనే. కార్బన్ ఫైబర్ ఖరీదైనది. ఈ బళ్ళ ధర దిగకపోవడానికి ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినంతో పాటు ఈ ట్యాంకు కూడా కారణమే.

రాకెట్లలో ద్రవ హైడ్రోజన్ పోస్తారుగా, మనం పోసుకోకూడదా?

ఇస్రో క్రయోజెనిక్ ఇంజిన్లలో పోసేది అదే. దానికి మైనస్ 253 డిగ్రీల చలి కావాలి. అంత చల్లబరచడానికే కిలోకి 10 యూనిట్ల పైన కరెంటు ఖర్చు, అంటే అందులో ఉన్న శక్తిలో మూడో వంతు. ఆ తర్వాత ఎంత మంచి థర్మోస్ లాంటి ట్యాంకులో పెట్టినా కొంచెం కొంచెం మరిగి ఆవిరవుతూనే ఉంటుంది. రాకెట్‌కి ఇబ్బంది లేదు, ప్రయోగం ముందు నింపి వదిలేస్తారు. మీరు లారీని సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటి ముందు పెట్టుకుంటే, తిరిగి ఎక్కేసరికి ఇంధనంలో కొంత గాల్లో కలిసిపోయి ఉంటుంది.

పేలుతుందా? సూటిగా చెప్పండి.

పేలగలదు. పెట్రోల్, వంటగ్యాస్ కూడా పేలగలవు. కానీ హైడ్రోజన్ స్వభావం వేరు, మనకి అలవాటైన జాగ్రత్తలు దీనికి కొన్ని పనికిరావు, కొన్ని తలకిందులు.

వంటగ్యాస్ గాలిలో 2 నుంచి 10 శాతం లోపు ఉంటేనే అంటుకుంటుంది. హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎక్కడున్నా అంటుకుంటుంది. అంటించడానికి కావలసిన నిప్పు పెట్రోల్ ఆవిరికి కావలసినదానిలో పదో వంతు కూడా లేదు. చలికాలంలో స్వెట్టర్ తీసినప్పుడు చిటపటమనే మెరుపు చాలు. ఇది చెడ్డ వైపు.

మంచి వైపు ఏమిటంటే, గాలి కన్నా 14 రెట్లు తేలిక. ఆరుబయట లీకైతే పైకి ఎగిరి చెల్లాచెదురవుతుంది. వంటగ్యాస్ నేల మీద పాకుతుంది, పెట్రోల్ మడుగు కడుతుంది. రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే హైడ్రోజన్ బండి ఒక విధంగా నయం కావచ్చు. ప్రమాదం కప్పు కింద. రేకుల షెడ్డులోనో, స్లాబు కింద దూలాల మధ్యనో గ్యాస్ చేరి నిలబడిపోతే చాలా ఘోరం. అందుకే ఈ బళ్ళు రిపేరు చేసే షెడ్డుకి కిటికీ కింద ఉంటే చాలదు, పైకప్పులోనే గాలి పోయే దారి ఉండాలి. మన గ్యారేజీలు ఎన్నిటిలో ఉంది చెప్పండి!

ఇంకోటి, దీని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. వెనకటికి అమెరికా రాకెట్ కేంద్రాల్లో లీకు వెతికేవాళ్ళు చేతిలో చీపురు ముందుకి చాపి నడిచేవాళ్ళట. చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. ఇప్పుడు సెన్సర్లు వచ్చాయి.

వంటగ్యాస్‌కి కలిపినట్టు దీనికీ వాసన కలపొచ్చుగా?

ఆ వాసన గంధకం సరుకుది. ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినానికి గంధకం విషం. పైగా హైడ్రోజన్ అంత వేగంగా పైకి పోయే వాసన సరుకు దొరకదు, గ్యాస్ ఒక దారిన పోతే వాసన ఇంకో దారిన పోతుంది. ముక్కుని నమ్ముకోలేం.

పైడిభీమవరం ఫార్మా కంపెనీలో చేస్తున్నాను. మా దగ్గర హైడ్రోజన్ ఎప్పటి నుంచో వాడుతున్నారు. బండిలో మాత్రం ఎందుకంత కష్టం?

మంచి ప్రశ్న. మందుల తయారీలో హైడ్రోజనేషన్, అంటే సరుకుకి హైడ్రోజన్ ఎక్కించడం, కొత్తది కాదు. డాల్డా చేసేది హైడ్రోజన్‌తోనే. పెద్ద థర్మల్ కేంద్రాల్లో జనరేటర్లని చల్లబరిచేదీ హైడ్రోజనే. విశాఖ రిఫైనరీలో డీజిల్ నుంచి గంధకం తియ్యడానికి కూడా అదే కావాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షలకి 10 పాళ్ళు దాటకూడదు. అంటే మీరు ఇవాళ పోయించిన డీజిల్‌ని హైడ్రోజన్ ఇప్పటికే కడిగి పంపింది.

తేడా ఏమిటంటే ఫ్యాక్టరీలో అది కదలదు. పుట్టిన చోట పైపులో పోయి అక్కడే ఖర్చవుతుంది. చుట్టూ శిక్షణ పొందిన మనుషులు, ఫెన్సింగు, పర్మిట్ ఉంటే గాని లోపలికి రానివ్వని గేటు. అదే సరుకుని 700 బార్లకి కుక్కి, గుంతల రోడ్డు మీద ఊపుతూ, బీడీ కాల్చే క్లీనర్ని పక్కన పెట్టుకుని మొయ్యమంటే లెక్క వేరు. స్వచ్ఛత పేచీ కూడా ఉంది. ఫ్యూయల్ సెల్‌కి 99.97 శాతం శుద్ధమైనది కావాలి, అందులో కార్బన్ మోనాక్సైడ్ కోటికి 2 పాళ్ళు దాటకూడదు.

గ్రీన్ హైడ్రోజన్, గ్రే హైడ్రోజన్ అంటే?

గ్యాసుకి రంగు లేదు, పుట్టుకకి పెట్టిన పేర్లవి. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజ వాయువు, బొగ్గుల నుంచే. సహజ వాయువుని ఆవిరితో విడగొడితే కిలో హైడ్రోజన్‌కి 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది గ్రే. సోలార్, గాలిమర కరెంటుతో నీటిని విడగొడితే గ్రీన్. మన దేశంలో 2023 ఆగస్టులో పెట్టిన నియమం ప్రకారం కిలోకి 2 కిలోలకి మించి కర్బన ఉద్గారం ఉంటే గ్రీన్ అనకూడదు.

గ్రే హైడ్రోజన్ పోసుకుని పొగ రాని బండి అని చెప్పుకోవడం, మన చెత్త పక్క వీధిలో పోసి మన వీధి శుభ్రం అన్నట్టే.

మేడ మీద సోలార్ ఉంది. నీళ్ళున్నాయి. నేనే చేసుకోకూడదా?

ఈ ప్రశ్న అడిగినాయన బొబ్బిలి ఆయన. కాగితం మీద లెక్క వేసి చూపించాను, ఇక్కడా వేస్తాను.

మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు ఎండ బాగుంటే రోజుకి ఓ 12 యూనిట్లు ఇస్తాయి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తియ్యడానికి 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. దాన్ని కుక్కి చల్లబరచడానికి ఇంకో నాలుగైదు. అంటే 60 అనుకోండి, మీ మేడ అయిదు రోజుల కష్టం. ఆ కిలోలో ఉన్నది 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ దానిలో సగం మోటారుకి ఇస్తుంది, మిగతాది వేడి. చేతికి వచ్చింది 16, 17 యూనిట్లు. 60 పెడితే 17. దాంతో కారు 100 కిలోమీటర్లు పోతుంది.

అదే 60 యూనిట్లని నేరుగా బ్యాటరీ కారులోకి ఎక్కిస్తే దారిలో పోయేది పోగా 45 పైన మోటారుకి చేరతాయి. 260 కిలోమీటర్ల పైన వెళ్తారు.

దీన్ని టెక్నాలజీ పెరిగితే సరిపోతుందని కొట్టిపారెయ్యలేం. విడగొట్టే యంత్రాలు మెరుగవుతాయి, నిజమే. కానీ కరెంటుని గ్యాసు చేసి, గ్యాసుని కుక్కి, మళ్ళీ కరెంటు చెయ్యడంలో ప్రతి మజిలీలో సుంకం కట్టాల్సిందే. ఇక ఇంట్లో 700 బార్ల కంప్రెసర్ పెట్టుకోవడం సంగతి అడక్కండి, అనుమతి రాదు, రాకూడదు కూడా.

కిలో ఎంతకి రావచ్చు?

కరెంటు యూనిట్ 5 రూపాయలకే దొరికిందనుకున్నా 55 యూనిట్లకి 275 రూపాయలు కరెంటుకే. యంత్రాల ఖర్చు, కుక్కడం, రవాణా, బంకు కమీషను ఆ పైన. కిలో కారుని 100 కిలోమీటర్లు లాగుతుంది కాబట్టి పెట్రోల్‌తో పోలిస్తే మరీ అన్యాయం కాదు కదా అంటారు. కాదు, ఆ మిగతా ఖర్చులు చిన్నవైతే. ఇప్పటికి చిన్నవి కావు. అసలు కన్నా కొసరు ఎక్కువ అవుతోంది.

నీళ్ళు ఎన్ని కావాలి? ఉద్దానంలో తాగడానికే లేవు.

కిలోకి 9 లీటర్ల శుద్ధ జలం. శుద్ధి చేసేటప్పుడు వృథా పోయేది కలిపితే 15, 20 లీటర్లు. ఫ్యాక్టరీ లెక్కన పెద్ద సంఖ్య కాదు, వరికి పారించే నీళ్ళతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు. కానీ ఎక్కడి నీళ్ళు అన్నది అడగాల్సిందే. హిరమండలం నుంచి పైపు వేసి ఉద్దానానికి తాగునీళ్ళు తెచ్చుకున్నవాళ్ళం. తీరంలో పెట్టే ప్లాంటు సముద్రపు నీటినే మంచినీరు చేసుకోవాలని పట్టుబట్టే హక్కు మనకి ఉంది. అలా చేస్తే కరెంటు ఖర్చు పెరిగేది కొంచెమే.

టెక్కలి దగ్గర నాకు స్థలం ఉంది. హైడ్రోజన్ బంకు పెడితే?

ఇప్పుడు వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు సరుకు రావాలి. 20 వేల లీటర్ల పెట్రోల్ ట్యాంకర్ మీరు చూస్తూనే ఉంటారు. హైడ్రోజన్‌ని పొడుగు ఉక్కు గొట్టాల ట్రైలర్‌లో 200 బార్ల దగ్గర తెస్తారు. నలభై టన్నుల బండి తెచ్చే సరుకు 300, 400 కిలోలు. ఫ్యూయల్ సెల్ పొదుపుని లెక్కలోకి తీసుకున్నా, ఒక పెట్రోల్ ట్యాంకర్ చేసే పనికి ఇలాంటి ట్రైలర్లు ఏడెనిమిది రావాలి. విశాఖ నుంచి టెక్కలి దాకా రోజూ వాటిని తిప్పే డీజిల్ ఎవరి ఖాతాలో రాస్తారు?

వచ్చిన సరుకుని మళ్ళీ కుక్కాలి. కంప్రెసర్లు ఖరీదైనవి, ఎక్కువగా చెడిపోయేవి కూడా అవే. బండిలోకి వేగంగా ఎక్కించేటప్పుడు ట్యాంకు వేడెక్కుతుంది, 85 డిగ్రీలు దాటకూడదు. అందుకని గ్యాసుని మైనస్ 40 దాకా చల్లబరిచి పంపుతారు. మే నెలలో మన ఎండకి ఆ చిల్లర్ ఎంత కష్టపడాలో ఊహించుకోండి. అన్నీ బాగుంటే కారు 5 నిమిషాల్లో నిండుతుంది, ఇది బ్యాటరీ కన్నా హైడ్రోజన్‌కి ఉన్న గొప్ప సుఖం. కానీ వరసగా నాలుగు బళ్ళు వస్తే ఒత్తిడి మళ్ళీ కూడగట్టుకునేదాకా అయిదో బండివాడు ఆగాలి. చల్లదనానికి నాజిల్ బండికి అతుక్కుపోవడం కూడా జరుగుతుంది.

వీటి పైన పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం. పెట్టుబడి కోట్లలో. ఇంతా చేస్తే రోజుకి ఎన్ని బళ్ళు వస్తాయి? బంకు లేదని బండి కొనరు, బళ్ళు లేవని బంకు పెట్టరు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. కాలిఫోర్నియాలో ప్రభుత్వం డబ్బు పోసినా 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ అక్కడి కార్ల హైడ్రోజన్ బంకులు మూసేసింది. మిరాయ్ కొన్నవాళ్ళు బంకు వెతుక్కుంటూ తిరిగారు.

తుపాను వస్తే?

ఇది బయటి వాళ్ళు అడగరు, మనమే అడుగుతాం. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గుర్తున్నాయి కదా. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకి ఒరిగాయి, కరెంటు రావడానికి రోజులు పట్టింది. అప్పుడు పెట్రోల్ బంకు చిన్న జనరేటర్ పెట్టుకుని పోసింది, పంపు మోటారుకి కావలసింది అంతే. హైడ్రోజన్ బంకుకి కంప్రెసర్, చిల్లర్ రెండూ కరెంటు తాగుతాయి. వాటిని నడపాలంటే పెద్ద డీజిల్ జనరేటర్ కావాలి. హైడ్రోజన్ పోయడానికి డీజిల్! అంబులెన్సు, నీళ్ళ ట్యాంకరు, కరెంటు స్తంభాలు తెచ్చే లారీ, ఈ మూడూ మన తీరంలో హైడ్రోజన్ మీదికి మారడానికి తొందరపడకూడదని నా ఉద్దేశం. బ్యాటరీ బండికీ ఈ ఇబ్బంది ఉంది, కానీ దానికి మేడ మీద సోలార్ అయినా ఎంతో కొంత ఆదుకుంటుంది.

సముద్రపు గాలికి ఫ్యూయల్ సెల్ పాడవుతుందా?

అవగలదు. అది గాలి పీల్చి బతుకుతుంది. నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి పోయే గాలి ఎలా ఉంటుందో అక్కడి ఇనుప గేట్లు చెప్తాయి. ఉప్పులోని క్లోరైడ్ ప్లాటినాన్ని తింటుంది, గ్రానైట్ క్వారీల దుమ్ము ఫిల్టర్ని మూసేస్తుంది. మంచి ఫిల్టర్లు ఉంటాయి, వాటిని వేళకి మార్చాలి. డీజిల్ లారీ ఎయిర్ ఫిల్టర్‌ని దులిపి మళ్ళీ పెట్టే మన అలవాటు ఇక్కడ చెల్లదు.

ఇప్పుడున్న డీజిల్ ఇంజిన్‌లోనే హైడ్రోజన్ కాల్చితే సరి కదా?

కంపెనీలు అదే ప్రయత్నిస్తున్నాయి. పైన చెప్పిన 37 బళ్ళలో 22 ఇంజిన్‌లో కాల్చేవే, 15 ఫ్యూయల్ సెల్‌వి. అశోక్ లేలాండ్, రిలయన్స్ కలిసి 2023లోనే ఇలాంటి లారీ చూపించాయి. సుఖం ఏమిటంటే మెకానిక్‌లకి తెలిసిన యంత్రం, ప్లాటినం అక్కర్లేదు, గ్యాస్ మరీ అంత శుద్ధంగా లేకపోయినా నడుస్తుంది. కష్టాలు రెండు మూడున్నాయి. త్వరగా అంటుకునే గుణం వల్ల వాల్వు మూసుకోకముందే పేలి మంట వెనక్కి తన్నుతుంది. గాలితో కలిపి లోపలికి పంపితే సిలిండర్లో మూడో వంతు చోటు గ్యాసే తినేసి గాలికి చోటు తగ్గుతుంది, లాగుడు పడిపోతుంది. మంట వేడికి గాలిలోని నైట్రోజన్ కాలి నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, అంటే పూర్తిగా శుభ్రమైన పొగ కాదు. ప్రత్యేకమైన ఇంజెక్టర్లు, ప్లగ్గులు వేసి సరిచేస్తున్నారు. మీ పాత లారీకి లోకల్ షెడ్డులో బిగించుకునే పని మాత్రం కాదు.

బైకుకి నీళ్ళ సీసా కిట్ పెడితే మైలేజీ రెట్టింపట?

మోసం. నా దగ్గర చదివిన కుర్రాడే ఒకడు ఆన్‌లైన్లో కొని పల్సర్‌కి బిగించుకుని వచ్చాడు. సీసాలో బుడగలు వస్తున్నాయి, వాడి మొహం వెలిగిపోతోంది. ఆ బుడగలకి కరెంటు ఎక్కడిదిరా అన్నాను. బ్యాటరీది. బ్యాటరీకి? ఇంజిన్ది. ఇంజిన్‌కి? పెట్రోల్ది. అప్పటికి అర్థమైంది. నీరు ఇంధనం కాదు, హైడ్రోజన్ కాలిపోయాక మిగిలిన బూడిద లాంటిది. బూడిదని మళ్ళీ కట్టె చెయ్యాలంటే కాలినప్పుడు వచ్చినదాని కన్నా ఎక్కువ పెట్టాలి. రెండు వారాల తర్వాత వాడు కిట్ తీసేశాడు, వైరింగు కాలింది.

స్కూటీ, ఆటో, కారు సంగతి?

బ్యాటరీ. దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. 2022 మార్చి 30న గడ్కరీ గారు మిరాయ్‌లో పార్లమెంటుకి వెళ్ళారు, ఫోటోలు బాగా వచ్చాయి.

నేను గ్రానైట్ లోడ్లు తిప్పుతాను. మరి నాకు?

ఇక్కడ మాత్రం హైడ్రోజన్‌ని తీసిపారెయ్యను. 500 కిలోమీటర్లు లోడుతో వెళ్ళాలంటే బ్యాటరీ మూడున్నర, నాలుగు టన్నులు తూగుతుంది. అంత మేర మీ రాయి తగ్గించుకోవాలి. హైడ్రోజన్ అయితే 40 కిలోల సరుకు, ట్యాంకులతో కలిపి టన్ను లోపు. నింపడానికి నిమిషాలు. బరువు లెక్కలో హైడ్రోజన్ గెలుస్తుంది. చోటు లెక్కలో ఓడుతుంది, 350 బార్ల ట్యాంకుల్లో ఆ 40 కిలోలకి 1,700 లీటర్ల చోటు కావాలి. డీజిల్ అయితే 150 లీటర్లతో అయిపోయే ప్రయాణం. క్యాబిన్ వెనక బీరువా లాగ ట్యాంకులు నిలబెట్టేది అందుకే.

నా సలహా, కొత్త లారీ కొనాల్సి వస్తే ఇప్పుడు డీజిలే కొనండి. విశాఖ పోర్టుకీ ఒకే ఫ్యాక్టరీకీ మధ్య రోజూ తిరిగే బళ్ళకి, రెండు చివర్లలో ఒక చోట బంకు పెట్టగల పెద్ద కంపెనీలకి ముందు వస్తుంది. ఒడిశా, బెంగాల్, చెన్నై, ఎక్కడ లోడు దొరికితే అక్కడికి పోయే మనలాంటి వాళ్ళకి చివర వస్తుంది.

ఆర్టీసీ బస్సులు, రైళ్ళు?

ఢిల్లీలో 2023 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ హైడ్రోజన్ బస్సులు దింపింది. ఎన్‌టీపీసీ లేహ్‌లో 3,650 మీటర్ల ఎత్తున బంకు, 5 బస్సులు పెట్టింది. డిపోకి రాత్రి తిరిగొచ్చే బస్సుకి ఒక్క బంకు చాలు కాబట్టి ఇది అర్థమున్న చోటే. కానీ శ్రీకాకుళం నుంచి పాతపట్నం వెళ్ళొచ్చే బస్సుకి బ్యాటరీ కూడా సరిపోతుంది. రైలైతే, హర్యానాలో జింద్–సోనీపత్ మార్గం కోసం చెన్నైలోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో హైడ్రోజన్ రైలు చేశారు. మన హౌరా–చెన్నై లైను మీద కరెంటు తీగ ఉంది. తీగ ఉన్న చోట ట్యాంకెందుకు?

మా అబ్బాయి డిప్లొమా ఆటోమొబైల్. హైడ్రోజన్లో ఉద్యోగాలుంటాయా? ఏం నేర్చుకోవాలి?

ఉంటాయి. 2023 జనవరి 4న కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఆమోదించింది, 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. లక్ష్యం మొత్తం అందకపోయినా ప్లాంట్లు కొన్ని లేస్తాయి, వాటిలో ఎక్కువ బళ్ళ కోసం కాదు, ఎరువులకి, రిఫైనరీలకి. అందుకని హైడ్రోజన్ కారు అని ఒక్కదానికే కట్టుబడిపోవద్దని చెప్పండి. హై ప్రెషర్ ఫిట్టింగులు, లీకు పరీక్ష, సెన్సర్లు, గ్యాస్ సేఫ్టీ నేర్చుకుంటే ఎక్కడైనా పని దొరుకుతుంది.

ఒక సంగతి వాడికి చెప్పండి. 2019 జూన్ 10న నార్వేలో ఓస్లో దగ్గర ఒక హైడ్రోజన్ బంకు పేలింది. దర్యాప్తు చేస్తే కారణం తేలింది: హై ప్రెషర్ ట్యాంకు మూతకి బోల్టులు సరిగా బిగించలేదు. ఏ బోల్టుని ఎంత బలంతో బిగించాలో చూపించే పనిముట్టు టార్క్ రెంచి. నేను చెప్పిన కాలేజీ వర్క్‌షాపులో అది ఒకటే ఉండేది. ఎవరైనా పాడు చేస్తారని అల్మారాలో పెట్టి తాళం వేసేవాళ్ళు.